మనోచికిత్సకుని వాకిలి

ప్రతి వృత్తికిని ఒక ప్రారంభదినము కలదు. ఆ దినమున తలుపు తెఱచినవాడు వాకిలివైపు చూచుచు కూర్చుండును. నేతగాడు గాని, న్యాయవాది గాని, వైద్యుడు గాని, మొదటి మనుష్యుడు గడప దాటి లోనికి వచ్చువఱకు తన విద్యయందే సందేహము కలిగియుండును. ఇది సహజము. బట్టల వర్తకుడు తన సరకును నలుగురు వినునట్లు పొగడుకొనిన నెవ్వరును తప్పుపట్టరు. కాని మనస్సునకు చికిత్స చేయుదునని బోర్డు కట్టినవాని సంగతి అట్టిది కాదు. అతడు కోరునది జనుల రాక. జనులు వచ్చుటకు కారణము దుఃఖము. అట్లయినచో తన గది నిండవలయునని అతడు కోరుట, లోకమున దుఃఖము నిండవలయునని కోరుటయే యగునా? అతడు జనులను పిలువవచ్చునా? పిలిచినచో ఏ మాటతో పిలువవలయును? ఈ ప్రశ్నను మేము మా పాఠకుల ముందుంచుచున్నాము.

ఇది పండితుల వినోదమునకై పుట్టిన ప్రశ్న కాదు. కామారెడ్డి జిల్లాలో, మెదకునకును ఎల్లారెడ్డికిని నడుమనున్న నాగిరెడ్డిపేట మండలమును తలచుకొందము. అది వరి పండు సీమ. అప్పుచేసి బోరు వేయించి నీరు పడక క్రుంగిన రైతులును, కొడుకో భర్తయో గల్ఫు దేశమునకు పోగా ఫోనుకై ఎదురుచూచు స్త్రీలును, పరీక్ష తప్పి ఇంటివారికి ముఖము చూపలేని పిల్లలును ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. హైదరాబాదులో మనశ్శాస్త్రము చదివి, తగిన శిక్షణ పొంది, ఇట్టి స్వస్థలమునకు తిరిగివచ్చి ఒక చిన్న గది అద్దెకు తీసికొనిన యువతి నొకతెను ఊహింతము. మూడు నెలలు గడచినవి. వచ్చినవారు నలుగురు. అద్దె మాత్రము నెలనెలకు వచ్చుచున్నది. మేనమామ, “బస్టాండు కాడ పెద్ద ఫ్లెక్సీ కట్టించు బిడ్డా, అందరు చూస్తరు” అనును. మేనత్త, “ఎవరి బాధ వాళ్లకుంటది, పైసలిచ్చి నీకెవరు చెప్పుకుంటరు బిడ్డా?” అనును. ఈ యిరువురి మాటలలోను కొంత సత్యము కలదు. ఆ సత్యమెంతయో తేల్చుటయే మా పని.

మొదట అవసరము కలదా యని విచారింతము. 2015–16 సంవత్సరములలో బెంగుళూరులోని నిమ్హాన్సు సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య పరిశీలన ప్రకారము వయోజనులలో నూటికి 10.6 మంది ఏదో యొక మానసిక రుగ్మతతో నుండిరి. వివిధ రుగ్మతలలో చికిత్స అందనివారు నూటికి 70 మొదలు 92 వఱకు నుండిరి. ఇక లెక్క చూడుడు. ఒక చికిత్సకురాలు వారమునకు 20 గంటలు మనుష్యులతో మాటలాడి, ఏడాదికి 50 వారములు పనిచేసిన 1000 గంటలగును. ఒక్కొక్కరు సగటున ఎనిమిది పర్యాయములు వత్తురనుకొనిన, ఏడాదికి ఆమెకు కావలసినవారు 125 మంది. ఆ పరిశీలనలోని నిష్పత్తియే మనకును వర్తించునేని, 10,000 మంది వయోజనులున్న చోట బాధపడువారు 1060 మంది. అనగా ఆమె గది నిండుటకు బాధితులలో ఎనిమిదవ వంతు వచ్చినను చాలును. కావున ఆమె క్రొత్తగా దుఃఖమును కోరనక్కఱ లేదు. ఉన్న దుఃఖమే ఆమెను చేరుటలేదు.

ఆలేరు వాగుపై 1922లో పోచారము ఆనకట్ట పూర్తియైనది. చెఱువు నిండినంత మాత్రమున పొలము తడియదని ఆ ప్రాంతపు రైతున కెవ్వరును చెప్పనక్కఱ లేదు. కాలువ కావలయును, తూము కావలయును, తూము తెఱచువాడు కావలయును. మనోవ్యాధి విషయమునను లోపించినది కాలువయే. నేడు ఆ బాధ ఏ దారిని పోవుచున్నదో చూడుడు. గాలి సోకినదని కొందఱు భూతవైద్యుని యొద్దకు పోవుదురు. బాణామతి యని కొందఱు ఇరుగుపొరుగువారిని అనుమానింతురు. కొందఱు దర్గాకు మ్రొక్కుదురు. కొందఱు తలనొప్పి, గుండెదడ యని ఊరి ఆర్.ఎం.పి. వైద్యునిచే సూదులు వేయించుకొందురు. కొందఱు కల్లు దుకాణమున మఱచిపోవ యత్నింతురు. ఈ దారులన్నిటిలోను ఒక సౌలభ్యము కలదు. ఇంటికి దగ్గఱ; పేరు చెడదు; అడుగువానికి భాష తెలియును. చికిత్సకురాలు ఈ మూడింటిని గ్రహింపక తన పట్టాను గోడకు తగిలించి కూర్చున్నచో, తప్పు రానివారిది మాత్రమే కాదు.

ఇచ్చట ఈ వృత్తికే ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. ఎముక విఱిగినవాడు నయమైనంతనే వైద్యుని పేరు ఊరెల్ల చెప్పును. కంటికి శస్త్రచికిత్స చేయించుకొనిన వృద్ధురాలు మఱి పదిమందిని వెంటబెట్టుకొని పోవును. ఇతర వైద్యుల కీర్తిని మోయునది నయమైనవారి నోరు. మనోచికిత్సకుని కడ నయమైనవాడు నోరు మూసికొనును. వీథిలో ఎదురుపడినను పలుకరింపక తప్పుకొనును. నయము కానివాడు మాత్రము అందఱికిని చెప్పును. కావున ఎంత నేర్పరియైనను ఇతని మేలు మౌనమున దాగును. ఇతనికి ఆ మౌనమును భగ్నము చేయు హక్కును లేదు. “నావలన నీవు బాగుపడితివి గదా, నలుగురికి చెప్పుము” అని యడుగుట, నమ్మి చెప్పినవాని దుఃఖమును ప్రకటనకాగితముగా మార్చుటయే. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము 23వ విభాగమున రోగి విషయములు గోప్యముగా నుంచవలయునని శాసించినది. ఆ చట్టము లేకున్నను ధర్మము ఇదియే.

మఱి పూర్వులకు మొదటివారు ఎట్లు వచ్చిరి? వియన్నా నగరములో సిగ్మండు ఫ్రాయిడు 1886 ఏప్రిలు 25వ తేదీన, ఈస్టరు ఆదివారమున, తన స్వంత వైద్యాలయమును తెఱచెను. పత్రికలో అతడు వేయించినది తన పేరు, హోదా, తాను పారిసునుండి తిరిగివచ్చిన సంగతి, ఇంటి చిరునామా, అంతియే. ఏ వ్యాధిని కుదుర్తునని గాని, తనంతటివాడు లేడని గాని చెప్పలేదు. తొలినాళ్లలో అతనికి రోగులను పంపినది ఎక్కువగా జోసెఫు బ్రాయరు అను పెద్ద వైద్యుడు. అనగా క్రొత్తవానికి జనులు రాలేదు. పాతవానియందు జనులకు గల నమ్మకము క్రొత్తవానికి ఎరువుగా లభించినది. మన దేశమున గిరీంద్రశేఖర బోసు 1922లో కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. 1933లో ఆ నగరపు కార్మైకేలు వైద్యకళాశాల ఆసుపత్రిలో మనోవ్యాధులకు బయటిరోగుల విభాగమును తెఱచెను. దీని విలువ యేమి? పిచ్చాసుపత్రి గడప త్రొక్కనివాడు సాధారణాసుపత్రి గడప త్రొక్కును. అక్కడి వరుసలో నిలిచినవాడు జ్వరమునకు వచ్చెనో, దిగులునకు వచ్చెనో చూచువారికి తెలియదు. ద్వారము మారగానే సిగ్గు తగ్గినది.

నేడు జనులను రప్పించుటకు రెండు తప్పుదారులు కలవు. మొదటిది భయపెట్టుట. “మీకు నిద్ర పట్టుటలేదా? మీ పిల్లవాడు మాటాడుటలేదా? ఆలస్యము చేసిన ప్రమాదము” అని గోడలపై వ్రాసి, ప్రతి దుఃఖమును వ్యాధిగా చూపుట. భర్త పోయిన స్త్రీ యేడ్చుట వ్యాధి కాదు. పంట పోయిన రైతు నాలుగు రాత్రులు నిద్రింపకుండుట వ్యాధి కాదు. ఆ దుఃఖము నెలలు గడచినను తగ్గక, అన్నము, పని, ఆశ మూడింటిని హరించునప్పుడు సహాయము కావలయును. ఈ భేదమును చెఱపి సంపాదించువాడు దుఃఖమును సాగుచేయుచున్నాడు. వచ్చినవారిని కారణము లేకయే నెలలకొలది త్రిప్పుకొనువాడును అట్టివాడే. చికిత్స చేయువాని పరమార్థము తన యవసరము లేకుండ చేయుటయే గాని, తన గదికి అలవాటు చేయుట కాదు.

రెండవ తప్పుదారి గౌరవము పేరిట ఊరకుండుట. “కస్తూరికి ప్రకటన యేల? గుణమున్న వారే వత్తురు” అని కొందఱు పెద్దలందురు. ఈ మాట వినసొంపైనదే కాని, దీని మూల్యమును చెల్లించునది చెప్పినవాడు కాదు. తలుపు వెనుక మౌనముగా కూర్చున్న చికిత్సకుని గౌరవము చెడకపోవచ్చును. కాని ఆ వీథిలోనే పురుగుమందు డబ్బా చేతబట్టినవానికి ఆ తలుపున్నదని తెలియకపోయెనేని ఆ గౌరవమెవరి కొఱకు? మఱియు గది నిండని చికిత్సకురాలు ఒక యేటికి పట్నమునకు తిరిగిపోవును. అప్పుడు మండలము మరల వట్టిపోవును. కావున బ్రదుకుతెఱువు సంపాదించుకొనుట ఆమె స్వార్థము మాత్రమే కాదు, ఆ యూరిపట్ల ఆమె విధిలో నొక భాగము.

ఈ రెంటి నడుమ దారిని వైద్యులకై చేసిన నియమములే కొంత చూపుచున్నవి. 2002 నాటి భారత వైద్యమండలి నియమావళి, రోగులను ప్రకటనలచే ఆకర్షించుటను నిషేధించినది; కాని వృత్తి ప్రారంభించితిననియు, చిరునామా మారినదనియు, తన రుసుము ఇంతయనియు పత్రికాముఖమున తెలుపుటకు అనుమతించినది. రోగిని పంపినందులకు కమీషను ఇచ్చుటయు పుచ్చుకొనుటయు తప్పని కూడ అదే నియమావళి చెప్పినది. మనోచికిత్సకు లందఱు వైద్యులు కారు; ఐనను ఇందలి వివేకము వారికిని చెల్లును. తెలుపుట వేఱు, పొగడుకొనుట వేఱు. “నేనిక్కడ నున్నాను, నా శిక్షణ ఇది, నా సమయములు ఇవి, రుసుము ఇంత, చెప్పినది బయటికి పోదు” అను మాటలు తెలుపుట. “మూడు రోజులలో మీ దిగులు మాయము” అనునది మాయ.

భాషనుగూర్చి ఒక మాట. ‘మానసిక రోగి’ యని వ్రాసిన బోర్డు క్రిందుగా ఎవ్వరును పోరు. అమెరికాలో కార్లు రోజర్సు 1942 నాటి తన గ్రంథమున రోగి యను మాటను విడిచి క్లయింటు అను మాటను గ్రహించెను. మనకు ఆ మాట న్యాయవాది కచ్చేరిని జ్ఞప్తికి తెచ్చును. ఐనను మన సీమలో అంతకన్న మంచి మాటలు కలవు. దిగులును తెలంగాణ ప్రజలు రంది యందురు, మనాది యందురు. “మనాది పట్టుకున్నది” అని చెప్పుకొనుటకు ఏ యిల్లాలును సిగ్గుపడదు. జింబాబ్వే దేశమున డిక్సను చిబాండా యను వైద్యుడు 2006లో అవ్వలకు శిక్షణనిచ్చి, ఆసుపత్రి ఆవరణలోని బల్లలపై కూర్చుండబెట్టి, బాధితులతో మాటాడించెను. అచ్చట షోనా భాషలో ‘అతిగా ఆలోచించుట’ యను అర్థముగల మాటయే వ్యాధికి పేరుగా నుంచిరి. 2016లో ప్రచురితమైన పరీక్షలో ఈ పద్ధతి సత్ఫలితము నిచ్చినట్లు తేలినది. జనుల మాటతో పిలిచినప్పుడు జనులు పలికిరి.

ఇక మేనత్త ప్రశ్న. మాటలకు డబ్బేల? అమ్మయు అక్కయు వినరా? విందురు; వినవలయును కూడ. కాని ఇంటిలోనివారు ప్రతి దుఃఖమునందును కక్షిదారులు. అత్తను గూర్చి కోడలు అత్తకు చెప్పుకొనలేదు. తండ్రి త్రాగుడును గూర్చి కొడుకు తల్లికి చెప్పిన ఆమె దుఃఖము ద్విగుణమగును. ఏ పక్షమునను చేరని చెవి యొకటి కావలయును. 1952 మొదలు మాలతీ చందూరు ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దములపాటు నడిపిన ‘ప్రమదావనము’ శీర్షికకు ఇంటింటినుండి స్త్రీలు ఉత్తరములు వ్రాసిరి. తెలుగువారు పరులకు తమ బాధ చెప్పుకొనరను మాట నిజము కాదని ఆ ఉత్తరములే సాక్ష్యము. పేరు దాగునను నమ్మకము, వినువారు నవ్వరను నమ్మకము కలిగినచో చెప్పుకొందురు.

రుసుము విషయమున ఫ్రాయిడు 1913లో తన యనుభవమును వ్రాసెను. పదేండ్లపాటు దినమునకొక గంట, ఒక్కొక్కప్పుడు రెండు గంటలు, ఉచితముగా చికిత్స చేసితిననియు, ఉచితమగుటచేతనే కొన్ని చిక్కులు పెరిగెననియు అతడు చెప్పెను. కాని అతడే 1918లో బుడాపెస్టున, బీదవానికిని ఈ సహాయము పొందు హక్కు కలదని వాదించెను. 1920లో బెర్లినులోను, 1922లో వియన్నాలోను ఉచిత చికిత్సాలయములు వెలసినవి. ఈ రెండును విరుద్ధములు కావు. రుసుము ఇచ్చువానికి రుసుము, ఇయ్యలేనివానికి వారమునకు కొన్ని నియత ఘడియలు. రెండును ముందుగా తెలిపి, అందఱికిని ఒకే మర్యాద చూపుట. బేరమును, జాలియు రెండును ఈ గదికి వెలుపలనే యుండవలయును.

ఇంతకును నమ్మకమెట్లు పుట్టును? మా యభిప్రాయమున దీనికొక గీటురాయి కలదు. తనకు రాబడి లేని దారిని కూడ చూపువాడే నమ్మదగినవాడు. ప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానసు సేవకు 14416 అను సంఖ్యకు ఎవ్వరైనను ఉచితముగా మాటాడవచ్చును. ఆ సంఖ్యను తన బోర్డుపైననే వ్రాయించిన చికిత్సకురాలికి ఒకరిద్దఱు తగ్గవచ్చును. కాని ఊరికి ఆమె మనసు తెలియును. కల్తీకల్లు విషయము చూడుడు. 2015లో కల్తీకల్లుపై కట్టుదిట్టములు చేసినప్పుడు నిజామాబాదు, మహబూబునగరు ప్రాంతములలో అలవాటుపడినవారు ఎందఱో వణకు, మూర్ఛ, మతిభ్రమణములతో ఆసుపత్రుల పాలైరి. ఆ కల్లులో కలిపినవి మత్తుమందులు. హఠాత్తుగా మానిన దేహము తాళలేదు. అట్టివాడు తన గదికి వచ్చినచో మాటలతో కుదుర్చ జూచుట ప్రాణాపాయము. “ఇది నా పని కాదు, ముందు ఆసుపత్రికి పొండు, దేహము కుదుటపడిన తరువాత రండు” అని పంపినదానికి ఆ దినపు రుసుము పోవును. కాని ఆ యింటివారు మఱియొకనాడు మఱియొక బాధతో వచ్చునది ఆమె యొద్దకే. పంపబడిన వైద్యుడును తనకు తోచినవారిని ఆమె యొద్దకు పంపును. 2023లో కామారెడ్డిలో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది గనుక అట్టి స్నేహమునకు అవకాశము పూర్వముకంటె హెచ్చు.

ఈ తీరుననే ఆశా కార్యకర్తలతోను, బడి పంతుళ్లతోను, ఆర్.ఎం.పి. వైద్యులతోను పరిచయము చేసికొనవలయును. వారిని తృణీకరింపరాదు, కొనను రాదు. పంపిన ప్రతి మనిషికింత యని కమీషను ఇచ్చినచో జనుల దుఃఖము సంతలో పశువువలె చేతులు మారును. దానికి మాఱుగా బడిలోనో, మహిళాసంఘపు సమావేశములోనో నిద్ర, భయము, త్రాగుడు, బాలింతల దిగులు మొదలగువానిగూర్చి విన్నవారికి ఉపయోగపడునట్లు ఒక గంట చెప్పిరావలయును. విన్న నలువదిమందిలో ఒక్కరును రాకపోవచ్చును. ఆ గంట వృథా కాదు. ఆ నలువదిమంది ఇండ్లలో ఒక మాట మిగులును. గది ఎక్కడ నుండవలయునో కూడ ఆలోచింపవలసినదే. బట్టల కొట్టు, మందుల కొట్టు ఉన్న మేడమెట్లు ఎక్కువాడు ఎక్కడికి పోవుచున్నాడని ఎవ్వరును అడుగరు.

చికిత్సకురాలి ధర్మము ఇంతవఱకు చెప్పితిమి. కాని మా పాఠకులు గృహస్థులు. వారి ధర్మము చెప్పక ముగించుట న్యాయము కాదు. ఆ గది వట్టిగా నుండుటకు ముఖ్యకారణము ఆమె నేర్పుకొఱత గాని, ప్రకటనకొఱత గాని కాదు. మన సంబంధముల బజారు. పిల్లను చూడవచ్చినవారు “వారింట ఎవరో పిచ్చిడాక్టరు కాడికి పోతరట” అని గుసగుసలాడి లేచిపోయిన నాటినుండి ఆ వీథిలోని పదియిండ్లవారు తమ తలుపులు మూసికొందురు. మధుమేహమునకు మందు తిన్నవానిని అల్లునిగా చేసికొందుము. దిగులునకు చికిత్స పొంది స్వస్థుడైనవానిని తిరస్కరింతుము. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టబడియుండిన 28 మంది మనోరోగులు అగ్నికి ఆహుతియైరి. వారిని అచ్చట దిగవిడిచినవారు క్రూరులు కారు. ఎక్కువమంది మనవంటి గృహస్థులే, సిగ్గుచేతను నిస్సహాయతచేతను దూరముగా పంపినవారే. 2017 నాటి చట్టము గొలుసులను నిషేధించినది. ఆత్మహత్యకు యత్నించినవానిని నేరస్థునిగా గాక తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా భావింపవలయునని 115వ విభాగమున చెప్పినది. చట్టము గొలుసును విప్పగలదు గాని గుసగుసను మాన్పలేదు. అది మన నాలుకల పని.

కావున చికిత్సకురాలు జనులను పిలువవచ్చునా యని మొదట అడిగిన ప్రశ్నకు మా సమాధానమిది: దుఃఖమును పిలువరాదు, దుఃఖితునకు దారి తెలుపవచ్చును, తెలిపియే తీరవలయును. ఆ దారిలో సగము ఆమె వేయవలయును. మిగిలిన సగము మన గడపనుండి మొదలగుచున్నది. మన యింటిలో ఒకరు “నాకు మనాదిగ ఉన్నది, ఎవరితోనైన మాట్లాడాలె” అన్న నాడు, “నీకేమి తక్కువ?” అని నోరు మూయింపక, చెప్పులు తొడుగుకొని వారి వెంట నడుచుటకు మనము సిద్ధముగా నున్నామా? ఆ సంసిద్ధత నాలుగిండ్లలో కలిగినచో నాగిరెడ్డిపేటలోనే కాదు, ఏ పేటలోనైనను ఆ గదికి వేఱు ప్రకటన అక్కఱలేదు.